సలహాలమ్మ ఇంట్లో కుంగే కుర్చీ

రండి రండి, అంత దూరంగా కూర్చుంటే ఎలా? ఇంకాస్త ముందుకు జరగండి. గోడకి ఆనుకున్న పెద్దాయనా, మీరూ రండి. గోడ ఎక్కడికీ పోదు, కథే పోతుంది. చెప్పేవాళ్ళకి గొంతు ఇచ్చినవాడే వినేవాళ్ళకి చెవులూ ఇచ్చాడు, ఆ స్వామికి ముందుగా ఒక దణ్ణం. మధ్యమధ్యలో ఊఁ కొట్టడం మాత్రం మరిచిపోకండి. ఊఁ కొట్టేవాళ్ళు లేని కథ పొయ్యి మీద మరిచిపోయిన టీ లాంటిది. మరిగి మరిగి గిన్నెకే అంటుకుపోతుంది.

ఒక వీధిలో ఒక ఆవిడ ఉండేది. వ్యాపారాలు చేసుకునేవాళ్ళకి సలహాలు చెప్పడం ఆవిడ పని. ఎవరి దగ్గరా ఉద్యోగం కాదు, సొంతంగా, ఒంటిచేత్తో నడుపుకునేది. గోదాములో సరుకు ఎందుకు పేరుకుపోతోంది, లారీ రోజూ ఎందుకు ఆలస్యమవుతోంది, పదిమంది తలలూపే చోట నిర్ణయం అసలు ఎవరిది, ఇలాంటివన్నీ చూసి, ముడి ఎక్కడ పడిందో పట్టుకునేది. వీధివాళ్ళు ఆవిడని సలహాలమ్మ అనేవాళ్ళు.

మేడ మీద వాటాలో వీధివైపు గదే ఆవిడ ఆఫీసు. పొద్దున్నే స్నానం చేసి, దేవుడికి దణ్ణం పెట్టుకుని, ఇస్త్రీ బట్టలు కట్టుకుని, బ్యాగు భుజాన వేసుకుని పడగ్గదిలోంచి బయల్దేరి, హాలు దాటి, ఆ గదిలోకి వెళ్ళేది. అంతే ప్రయాణం. హాల్లో కూర్చున్న అత్తగారు రోజూ అడిగేది:

"ఏమ్మా, బస్సు దొరికిందా?"

"నిలబడే రావాల్సి వచ్చిందత్తయ్యా," అనేది సలహాలమ్మ.

మొదట్లో ఇద్దరూ నవ్వుకునేవాళ్ళు. ఈమధ్య మాట మిగిలింది, నవ్వు అరిగిపోయింది.

కాలం అలా ఉంది మరి. కొట్లు సగం షట్టరు దించుకునే వ్యాపారం చేస్తున్నాయి. రేపేమవుతుందో ఎవరికీ తెలియదు, తెలిసినట్టు మాట్లాడేవాళ్ళకి మాత్రం కొదవలేదు. ఇంట్లో ఖర్చు తగ్గించాలంటే ముందు పేపరు మానేస్తాం చూడండి, కంపెనీలు ఖర్చు తగ్గించాలంటే ముందు సలహాలు చెప్పేవాళ్ళని మానేస్తాయి. దానికి తోడు ఆవిడ భర్త పనిచేసే ట్రావెల్ ఆఫీసు మూతపడింది. ప్రయాణాలే లేకపోతే టిక్కెట్లెవరు కొంటారు? గోరుచుట్టు మీద రోకటిపోటు. ఆయన వంటింట్లో చేరి, వండింది రుచిగా ఉందో లేదో ఎవరూ చెప్పకముందే తనే "బావుంది కదా" అనడం అలవాటు చేసుకున్నాడు.

ఆ వృత్తిలో వాళ్ళు మాత్రమే చేసే పొరపాటు ఒకటుంది. మొదటి టీ ఉచితం. వచ్చినవాళ్ళతో మొదటిసారి ఊరికే మాట్లాడాలి, రెండోసారి నుంచే పని మొదలు. కానీ ఎదుటివాడి అవస్థ చూస్తే సలహాలమ్మ నాలుక ఆగేది కాదు. కప్పులో టీ సగమయ్యేలోపు రోగమూ, మందూ, పథ్యమూ అన్నీ చెప్పేసేది. వాళ్ళు టీ ముగించి, దణ్ణం పెట్టి, మళ్ళీ ఈ గుమ్మం తొక్కేవాళ్ళు కాదు.

"మందు నోట్లో పోసేశాక డాక్టరెందుకే ఎవరికైనా?" అనేది అత్తగారు. "నోరు కాస్త కట్టుకోవే తల్లీ. లేదంటే టీ నీళ్ళగానైనా పెట్టు."

సరే, ఇక కుర్చీ సంగతి చెప్పాలి.

ఆ గదిలో వచ్చినవాళ్ళు కూర్చోవడానికి ఒక పాత చెక్క కుర్చీ ఉండేది. అంతకుముందు అద్దెకున్నవాళ్ళు వదిలేసి పోయింది. ఆ కుర్చీలో ఎవరైనా కూర్చుంటే, చెప్పకుండా దాచుకున్నది ఎంత బరువుంటే అంత మేర నేలలోకి కుంగేది. చిన్న గుట్టు అయితే బెత్తెడు. కాస్త పెద్దదైతే జానెడు, మూరెడు. దాచుకున్నది చెప్పుకుంటూ వచ్చిన కొద్దీ మళ్ళీ పైకి లేచేది. గచ్చు మీద గీత పడేది కాదు, నీళ్ళలో కాలు పెట్టి తీసినట్టే. ఇల్లు అద్దెకిచ్చేటప్పుడు ఓనరు కూడా చెప్పాడు: "కుళాయి కాస్త కారుతుందమ్మా, కుర్చీ కాస్త కుంగుతుంది. చూసుకోండి." కుళాయి గురించి సలహాలమ్మ గట్టిగానే పోట్లాడింది. కుర్చీ గురించి ఏమంటుంది?

కింద వాటాలో దర్జీ కొట్టు. దర్జీని వీధంతా బాబాయ్ అనేవాళ్ళు. కుర్చీ బాగా కుంగినప్పుడు ఆయన కొట్టు కప్పులోంచి కుర్చీ కాళ్ళు, ఆ నాలుగు కోళ్ళూ, కిందికి వచ్చేవి. ఆయన తలెత్తి చూసి, "ఇవాళ పైన పెద్ద గిరాకీయే తగిలింది," అనుకుని, టేపు తీసి ఒక కోడుకి తగిలించేవాడు. చేతికి అందుబాటులో ఉంటుందని. కుర్చీ పైకి లేచేటప్పుడు మాత్రం గబగబా టేపు తీసేసుకునేవాడు. ఒకసారి మరిచిపోతే పైకి పోయింది, అత్తగారు తాడు కట్టి కిందికి దించింది.

మంచిరోజుల్లో ఆ కుర్చీ వల్లే సలహాలమ్మకి పేరొచ్చింది. కాలం చెడ్డాక చిక్కొచ్చి పడింది. అందరి గుండెల్లోనూ బరువు పెరిగింది కదా! ఒకాయన కూర్చోగానే చంకల దాకా దిగిపోయి, "ఇదేం మర్యాదండీ?" అని కోపం తెచ్చుకుని, చేతులూని పాక్కుంటూ లేచి వెళ్ళిపోయాడు. పైగా పదిమందికి చెప్పాడు. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని అందరూ మూటలు బిగించి పట్టుకున్న కాలంలో, విప్పమనే కుర్చీ ఎవరికి కావాలి?

సలహాలమ్మ ఆ కుర్చీని బాల్కనీ తలుపు పక్కకి జరిపేసింది. దానిమీద ఉతికిన బట్టలు వేసేవాళ్ళు. బట్టలకేం బాధలుంటాయి, కుంగేది కాదు. భర్త పాత ఆఫీసు చొక్కా వేసినరోజు మాత్రం గోరంత దిగింది. ఎవరూ చూడనట్టే ఊరుకున్నారు.

వచ్చినవాళ్ళకి గిర్రున తిరిగే మెత్తటి కుర్చీ కొన్నది. అది ఎవర్నీ ఏమీ అడగదు.

ఆ మెత్తటి కుర్చీలోకే ఒకరోజు అట్టపెట్టెల కార్ఖానా యజమాని వచ్చి కూర్చున్నాడు. సలహాలమ్మకి మిగిలిన ఒకే ఒక్క పెద్ద గిరాకీ ఆయన. అంతకుముందే ఆవిడ ఆ కార్ఖానాకి వెళ్ళి రోజంతా ఉండి చూసొచ్చింది. అక్కడ మడతల సెక్షను అని ఒకటుంది. ఆడవాళ్ళు బారుగా కూర్చుని అట్టలు మడిచి, జిగురు పూసి, పెట్టెలు చేస్తారు. వాళ్ళ చేతులు ఎంత వేగమంటే, ఆవిడ చూస్తూ చూస్తూ తన టీ సంగతే మరిచిపోయింది. వెనక షెడ్డులో మాత్రం తయారైన పెట్టెలు గుట్టలుగా పడున్నాయి, తిరిగొచ్చినవి.

"మేడమ్, మీకు తెలియనిదేముంది," అన్నాడు యజమాని, కుర్చీని అటూ ఇటూ తిప్పుకుంటూ. "మడతల సెక్షను ఎత్తేస్తే తప్ప కార్ఖానా నిలబడదు. ఆ ముక్క మీరు రిపోర్టులో రాయాలి."

"ఎత్తేయాలో లేదో చూసి చెప్పమని కదండీ పిలిచారు?"

"చూశారుగా! ఇంక చెప్పడమే మిగిలింది." నవ్వాడు. "కోసేది నేనే మేడమ్. కత్తి మాత్రం మీదని వాళ్ళకి తెలియాలి. వాళ్ళలో సగం మంది నన్ను చిన్నప్పుడు ఎత్తుకున్నవాళ్ళు. మా నాన్న కాలం నుంచి ఉన్నారు. వాళ్ళ మొహం చూసి నేను చెప్పలేను."

"షెడ్డులో తిరిగొచ్చిన పెట్టెలున్నాయే, అవెక్కడివి?"

"అవా? అబ్బే, వాటిని లెక్కలోకి తీసుకోకండి." ఆయన కుర్చీ తిప్పడం ఆపేశాడు. "సోమవారం పొద్దున్న వస్తాను. రిపోర్టు చేతికిచ్చారంటే ఏడాది పొడుగునా మా సలహాదారు మీరే. ఈ రోజుల్లో ఏడాది మాట ఎవరిస్తారు చెప్పండి?"

నిజమే, ఎవరూ ఇవ్వరు. సలహాలమ్మ కళ్ళు బాల్కనీ వైపు పోయాయి. బట్టల కింద పాత కుర్చీ. ఆయన్ని దాంట్లో కూర్చోబెడితే షెడ్డు సంగతి బయటికొస్తుంది. తెలుసు. కూర్చోబెడితే ఈయన కూడా కోపం తెచ్చుకుని పోతాడేమో. అదీ తెలుసు.

"అలాగేనండి," అంది.

ఆ ఏడాది ఉంటే ఇల్లు గడుస్తుంది. లేకపోతే ఆఫీసు బోర్డు దించేయాలి. రాస్తే మడతల సెక్షనులో వాళ్ళంతా వీధిన పడతారు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

ఆదివారం మధ్యాహ్నం. భర్త గిన్నెలు తోముతున్నాడు. సలహాలమ్మ కంప్యూటరు ముందు కూర్చుంది, లేచింది, కిటికీ దగ్గరకెళ్ళింది, మళ్ళీ కూర్చుంది. ఒళ్ళు అలసిపోవడం వేరు, నిద్రపోతే తీరుతుంది. ఇది ఆ అలసట కాదు. రోజూ ఇస్త్రీ బట్టలు కట్టుకుని ఖాళీ గదిలోకి నడిచి నడిచి వచ్చిన అలసట.

"ఏవండీ, బట్టలు ఆరాయా?" అంటూ లేచి బాల్కనీ దగ్గరకొచ్చింది. కుర్చీ మీది బట్టలన్నీ చేతుల్లోకి తీసుకుంది. మడతపెడదామని, ఏమీ ఆలోచించకుండానే, ఖాళీ అయిన ఆ కుర్చీలో కూలబడింది.

అన్నేళ్ళుగా అందర్నీ కూర్చోబెట్టిందే తప్ప తను దాంట్లో ఎప్పుడూ కూర్చోలేదు.

కుర్చీ కుంగడం మొదలుపెట్టింది. బెత్తెడు దిగింది, మూరెడు దిగింది, ఆగలేదు. టీ కప్పుతో వస్తున్న అత్తగారు గుమ్మంలో నిలబడిపోయింది.

"ఏమే కోడలా, దిగుతున్నావా?"

"దిగుతున్నట్టున్నానత్తయ్యా."

"టీ తాగి దిగరాదూ!"

"మీరు మూత పెట్టి ఉంచండి," అని ఒళ్ళోని బట్టలతో సహా నేల కిందికి వెళ్ళిపోయింది.

కింద దర్జీ బాబాయ్ ఒక పాత కోటు కుట్లు విప్పి చిన్నది చేస్తున్నాడు. కొత్తవి కుట్టించుకునేవాళ్ళు లేరు ఆ రోజుల్లో. ఉన్నవి బిగించుకునేవాళ్ళు, పెద్దవాళ్ళవి పిల్లలకి సరిచేయించుకునేవాళ్ళే. మిషను గడగడా నడుస్తోంది. కప్పులోంచి కోళ్ళు వచ్చాయి. అలవాటుగా టేపు తీశాడు. కోళ్ళ వెనక చెప్పులు, చెప్పుల వెనక మోకాళ్ళు, చివరికి మనిషి మొత్తం వచ్చి ఇస్త్రీ బల్లకీ మిషనుకీ మధ్య దిగింది. కింద గట్టి నేల ఉంది కాబట్టి అక్కడ ఆగింది గానీ, లేకపోతే ఎందాకా పోయేదో ఆ స్వామికే తెలియాలి.

"మీ పనికి అడ్డొచ్చాను బాబాయ్," అంది సలహాలమ్మ.

ఇక్కడ చూడండి ఏం జరిగిందో. ఆయన ఏమీ అడగలేదు. కంగారు పడలేదు. మిషను చక్రం మీద చెయ్యి వేసి ఆపాడు. పెదాల మధ్యనున్న గుండుసూదులు ఒక్కొక్కటే తీసి దిండుకి గుచ్చాడు. కోటు పక్కన పెట్టాడు. ఆవిడ వైపు తిరిగి కూర్చున్నాడు. అంతే.

మిషను ఆగేసరికి కొట్టంతా ఎంత నిశ్శబ్దమైందంటే, సలహాలమ్మకి తన ఊపిరి తనకే వినిపించింది.

"రోజూ బ్యాగు తగిలించుకుని ఆ గదిలోకెళ్ళి తలుపేసుకుంటాను బాబాయ్. పని ఎలా ఉందని మా ఆయన అడిగితే, వస్తోంది అంటాను. ఏదీ రావడం లేదు."

"ఊఁ," అన్నాడు దర్జీ.

కుర్చీ కాస్త లేచింది.

"పోయిన నెలలో ఒకాయన ఫోన్ చేస్తే, చాలా బిజీగా ఉన్నానన్నాను. గిరాకీ లేదని తెలిస్తే ఎవరూ రారని. ఆయన ఇంకొకర్ని చూసుకున్నాడు."

"ఊఁ."

మరికాస్త. ఇప్పుడావిడ కాళ్ళు నేల మీద లేవు. దర్జీ ఆవిడ మొహం కనబడేలా మెడ పైకెత్తాడు.

"సోమవారం ఒక రిపోర్టివ్వాలి. అట్టపెట్టెల ఆయనకి. రాయలేకపోతున్నానని అత్తయ్యకి చెప్పాను." ఒళ్ళోని బట్టలు సర్దుకుంది. "అబద్ధం. మొదటి పేజీ రాసేశాను బాబాయ్. బాగా కూడా వచ్చింది. ఆ ఆడవాళ్ళ గురించి ఒక్క మాట లేకుండా, విభాగం, విభాగం అని రాశాను. ఎంత శుభ్రంగా వచ్చిందో! నా చెయ్యి ఎక్కడా ఆగలేదు."

దర్జీ ఈసారి వెంటనే ఊఁ అనలేదు. ఆ మాట దాటిపోకుండా నిలబడనిచ్చాడు. తర్వాత, మెల్లగా, "ఊఁ," అన్నాడు.

ఒళ్ళోని బట్టల్లో మొహం దాచుకుని ఆవిడ ఏడ్చింది. ఏడుస్తూండగానే కుర్చీ పైకి లేచింది. తల కప్పుని తాకింది, దాటింది. చివరగా ఆవిడ చెప్పులు కనబడకుండా పోయే ముందు కింద నుంచి మాట వినిపించింది:

"ఆ తువ్వాలు ఇంకా తడిగానే ఉందమ్మా. మడత పెట్టకు."

పైన అత్తగారు టీ మీద మూత తీసి చేతికిచ్చింది. "చల్లారలేదులే, తాగు." వంటింటి గుమ్మంలో భర్త తడిచేతులతో నిలబడున్నాడు. గచ్చు పల్చనేమో, అంతా విన్నట్టే ఉన్నాడు.

"పని రావడం లేదని చెప్పొచ్చు కదా," అన్నాడు.

"చెబితే ఏం చేసేవారు?"

"ఏం చేసేవాణ్ణి? ఇద్దరం కలిసి భయపడేవాళ్ళం."

సలహాలమ్మ టీ తాగి, ఆ మొదటి పేజీ చెరిపేసింది. మెత్తటి కుర్చీని బాల్కనీలోకి నెట్టింది. పాత కుర్చీని తడిగుడ్డతో తుడిచి, దాని పాత చోట వేసింది.

సోమవారం యజమాని వచ్చి గుమ్మంలోనే ఆగాడు. ఆ కుర్చీ గురించి అందరికీ తెలుసు.

"దాంట్లోనా మేడమ్? నాకసలే మోకాళ్ళ నొప్పులు."

"నిన్న నేనే దిగొచ్చానండి. మోకాళ్ళకేం కాలేదు," అంది. "రిపోర్టు రాయలేదు. మీరు వెళ్ళిపోవచ్చు, నేనేమీ అనుకోను. కూర్చుంటే మాత్రం, నేనొక్క సలహా కూడా చెప్పను."

సలహా చెప్పనంటే ఆశ్చర్యమేసి కాబోలు, ఆయన కూర్చున్నాడు.

కూర్చున్నవాడు కూర్చున్నట్టే దిగిపోయాడు. సలహాలమ్మ గబగబా మెట్లు దిగి కొట్టులోకి వచ్చేసరికి కోళ్ళు నేలకి తాకుతున్నాయి. దర్జీ అప్పటికే మిషను ఆపేశాడు. ఆవిడ ఒక స్టూలు లాక్కుని కూర్చుంది. నాలుక చివర సలహాలు గుంపుగా వచ్చి నిలబడ్డాయి. పెదాలు బిగించుకుంది. "ఊఁ," అంది.

యజమాని బల్ల మీదున్న కోటు గుండీలు చూశాడు. దర్జీ చేతులు చూశాడు. ఆ తర్వాత చెప్పాడు. షెడ్డులో పెట్టెలు వాళ్ళ బావవి. అక్క మొగుడు. పెద్ద ఆర్డరు ఆయనదే. పెట్టెలు తయారయ్యాక కొలతలు మారాయంటాడు, లారీ వెనక్కి పంపిస్తాడు. ప్రతిసారీ అంతే, నష్టమంతా కార్ఖానాకే.

"అడిగితే అక్కని ఏమైనా అంటాడేమోనని," అన్నాడు. "బావని ఒక్క మాట అనలేక, ఆ ఆడవాళ్ళని ఇంటికి పంపిద్దామనుకున్నాను."

ఈ మాట అనేసరికి కుర్చీ ఎంత చర్రున లేచిందంటే, దర్జీ "తల జాగ్రత్త!" అని అరిచాడు. కప్పు దాటుతూ యజమాని, ఎవరికి చెబుతున్నాడో తెలియనట్టు, "బావతో నేనే మాట్లాడాలి," అన్నాడు.

మాట్లాడాడు కూడా. బావ అలిగాడు. అక్క ఫోన్ చేసి, "ఇన్నాళ్ళూ నన్ను అడ్డం పెట్టుకుని దాక్కున్నావట్రా? నేనేమన్నా తలుపునా?" అని చీవాట్లు పెట్టింది. బావ ఆర్డరు సగానికి తగ్గించుకున్నాడు గానీ లారీలు వెనక్కి రావడం ఆగిపోయింది. కార్ఖానాలో అందరికీ పనిదినాలు తగ్గాయి, యజమానితో సహా. మడతల సెక్షను మాత్రం నిలబడింది. సలహాలమ్మకి ఏడాది మాట రాలేదు. నెలకింతని, ఏ నెలకానెల చూసుకుందామన్నాడు. ఆవిడ సరేనంది.

కాలం బాగుపడిందా అంటారా? లేదు, అబద్ధమెందుకు చెప్పాలి. షట్టర్లు అలాగే సగం దించున్నాయి. కానీ బోర్డు దించలేదు. అలసిపోయినవాళ్ళు ఒకరి మాట విని ఒకరు రావడం మొదలుపెట్టారు. కుర్చీ కుంగినా ఎవరూ కోపం తెచ్చుకోలేదు, కింద ఎవరో వింటారని తెలిసింది కనక. మొదటి టీ ఇప్పటికీ ఉచితమే. కానీ టీ అయ్యేదాకా ఆవిడ ఊఁ తప్ప ఇంకో మాట అనదు. "ఇన్నాళ్ళకి నోరు కట్టుకుంది," అని అత్తగారు దేవుడికి దీపం పెట్టింది.

ఒకరోజు సలహాలమ్మ పని చేసుకుంటూ చేసుకుంటూ తలెత్తింది. కింద మిషను చప్పుడు లేదు. పొద్దున్నుంచీ లేదు. కుర్చీ ఖాళీగానే ఉంది. మరి ఎవరి కోసం ఆపినట్టు?

కిందికెళ్ళి చూస్తే దర్జీ బాబాయ్ చక్రం మీద చెయ్యి వేసి, ఖాళీ బల్ల వైపు చూస్తూ కూర్చున్నాడు. దిండుకి గుచ్చిన సూదులు గుచ్చినట్టే ఉన్నాయి.

"బాబాయ్," అంది. "ఒక్కసారి పైకి రండి."

"నాకెందుకమ్మా? నాదేముంది?"

"ఏమీ లేకపోతే కుర్చీ కుంగదు. రండి."

ఆయన మెట్లెక్కి వెళ్ళాడు. ఆవిడ ఫోను ఆపేసి, ఆయన మిషను ముందు, ఆయన స్టూలు మీద కూర్చుంది. మిషను నడవడం లేదు. అయినా చక్రం మీద చెయ్యి వేసింది.

కప్పులోంచి నాలుగు కోళ్ళు వచ్చాయి. వాటి వెనక అరిగిపోయిన చెప్పులు.

"ఊఁ," అంది సలహాలమ్మ, ఆయనింకా ఏమీ చెప్పకముందే.

ఆయనేం చెప్పాడో నన్నడక్కండి. అది ఆవిడకీ, ఆయనకీ, ఆ పై స్వామికీ తెలుసు. చాలాసేపటికి కుర్చీ లేచింది, అది మాత్రం చెప్పగలను.

సరే, చీకటి పడుతోంది, లేవండి. కథంతా గుర్తుపెట్టుకోమని అడగను. దర్జీ చేసిన ఒక్క పని గుర్తుపెట్టుకోండి. మీ ఇంట్లోనో, పనిచేసే చోటో ఎవరైనా కుంగిపోయి మీ దగ్గరికి వస్తారు. రాకుండా ఉండరు, కాలం అలాంటిది. అప్పుడు ముందు మీ మిషను ఆపండి. నోట్లో సూదులుంటే తీసి పక్కన పెట్టండి. సలహా తర్వాత సంగతి, ముందు ఒక్క ఊఁ. ఇవాళ నాకు ఊఁ కొట్టారు చూడండి, అలాంటిదే.